కాళ్ళ కింద పీట పెట్టండి: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి టాయిలెట్ అలవాటు, అందుకు కావలసిన సామాను

(భవిత కేంద్రాల, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రాల పిల్లల తల్లిదండ్రులు, సహిత విద్య టీచర్లు, ఆయాల కోసం చేసిన ప్రసంగ పాఠం. చివర్లో అడిగిన ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలతో పాటు ఆయాలు కూడా వచ్చి కూర్చున్నందుకు చాలా సంతోషంగా ఉంది. బడిలో ఈ పని చేతులతో చేసేది మీరే. చాలా మీటింగుల్లో మిమ్మల్ని పిలవరు. ఈ రోజు చెప్పేదాంట్లో సగం మీ కోసమే.

పిల్లల టాయిలెట్ గురించి ఎక్కడికెళ్ళినా వినపడే మాట ఒకటుంది. "కూర్చోబెడితే అరగంటైనా ఏమీ రాదండీ, లేపి నిక్కరు వేయగానే పోతాడు. వాడికి మొండి." ఇలాంటి పిల్లల్లో నిజంగా మొండితనం ఉన్నవాళ్ళు చాలా తక్కువ. మనం నేర్పడం ముందు మొదలుపెడతాం, అది కుదరకపోతే తిడతాం, చివరికి ఎప్పుడో డాక్టరు దగ్గరికి వెళ్తాం. వరస తిరగేయాలి. ముందు కడుపు చూడాలి, తర్వాత కూర్చునే చోటు సరిచేయాలి, ఆ రెండూ అయ్యాకే నేర్పడం. నేను చెప్పేదంతా ఈ వరస గురించే.

ఇప్పుడే ఒక చిన్న పని చేద్దాం. మీరు కూర్చున్న కుర్చీలోనే కొంచెం ముందుకి జరగండి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోండి, దేన్నీ పట్టుకోవద్దు. ఇప్పుడు రెండు పాదాలూ నేల మీంచి ఒక జానెడు పైకి లేపి ఉంచండి. పొట్ట ఎలా ఉంది? బిగుసుకుపోయింది కదా. తొడలు, నడుము కూడా బిగుసుకున్నాయి. ఇప్పుడు ఇలాగే ఉండి మలవిసర్జన చేయమంటే ఎవరి వల్లా కాదు. పెద్దవాళ్ళ కమోడ్ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఆరేళ్ళ పిల్లవాడి పరిస్థితి సరిగ్గా ఇదే. పడిపోతానేమో అన్న భయంతో కింద కండరాలన్నీ బిగిస్తాడు. లేపి ఒళ్ళోకి తీసుకోగానే భయం పోయి కండరాలు వదులవుతాయి, నిక్కర్లో అయిపోతుంది. కాళ్ళు దించండి ఇక.

సరే, ముందు కడుపు సంగతి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు అదుపులో ఉండకపోవడం, సీపీ అని కూడా అంటారు) ఉన్న పిల్లల్లో, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో, ఆటిజం ఉన్న పిల్లల్లో మలబద్ధకం చాలా ఎక్కువ. కారణాలు వేరు వేరు. ఒకరు కదలరు. ఒకరికి కండరాల బిగువు తక్కువ. ఇంకొకరు తెల్ల అన్నం, పెరుగు తప్ప ముట్టరు. మింగడం కష్టమైన పిల్లలు నీళ్ళు తక్కువ తాగుతారు. చొంగ తగ్గడానికో ఒళ్ళు బిగుసుకోకుండానో ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి మందులు కూడా మలం గట్టిపడేలా చేస్తాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకి మలబద్ధకం తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష తప్పకుండా చేయించండి. వాళ్ళలో థైరాయిడ్ లోపం మామూలు పిల్లల్లో కంటే ఎక్కువ.

మోసపోయేది ఎక్కడంటే, నిక్కర్లో రోజంతా కొంచెం కొంచెం పల్చగా మరక పడుతుంటుంది. ఇంట్లోవాళ్ళు విరేచనాలనుకుని పళ్ళు, కూరలు ఆపేసి గంజి పోస్తారు. లోపల జరిగేది వేరు. పెద్దపేగు చివర గట్టి మలం అడ్డం పడి ఉంటుంది, దాని పక్కల నుంచి పల్చటిది కారుతుంటుంది. పిల్లవాడికి అది తెలియను కూడా తెలియదు, ఎందుకంటే సాగిపోయిన పేగు నుంచి నిండిన కబురు అందదు. అదే గడ్డ ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి మూత్రం కూడా తడవతడవకీ పోతుంది. అందుకే మూత్రం సమస్య అని వచ్చిన పిల్లలకి కూడా ముందు అడగాల్సింది మలం గురించే. వారానికి మూడుసార్ల కంటే తక్కువ వెళ్తున్నా, మేకపెంటికల్లా గట్టిగా వస్తున్నా, బాత్రూమ్ గొట్టం మూసుకుపోయేంత లావుగా వస్తున్నా పిల్లల డాక్టరుకి చూపించండి. పాలిథిలీన్ గ్లైకాల్ పొడి గానీ లాక్టులోజ్ గానీ రాస్తారు. మోతాదు పిల్లవాడి బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. రెండు రోజులు బాగా అయ్యిందని మందు ఆపేయడం దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. సాగిన పేగు మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది. డాక్టరు తగ్గించమన్నప్పుడే తగ్గించాలి.

నీళ్ళ సంగతి కూడా. బడిలో టాయిలెట్ ఇబ్బంది అని పొద్దున్నే నీళ్ళు తగ్గించి పంపే తల్లులు ఉన్నారు. మీ బాధ అర్థమవుతుంది, కానీ అలా చేస్తే మలం గట్టిపడుతుంది, మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మూత్రాశయం కొంచెం నిండగానే ఖాళీ చేసుకోవడం అలవాటు చేసుకుంటుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి రోజుకి తాగేవన్నీ కలిపి 1 లీటరు నుంచి 1.4 లీటర్లు కావాలి, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఒక్కసారే కాదు, ఆరేడు సార్లుగా. పల్చటి నీళ్ళు మింగలేని పిల్లలకి చిక్కటి రాగి జావ, మజ్జిగలో కలిపిన జావ ఎంత చిక్కగా ఉండాలో థెరపిస్టుని అడిగి ఇవ్వండి. పాలు మాత్రం కడుపు నిండా పోయకండి. రోజంతా పాలతోనే గడిపే పిల్లలు అన్నం, కూర తినరు, మలం గట్టిపడుతుంది.

తర్వాత చార్టు. మూడు రోజులు చాలు, వరసగా ఉండక్కర్లేదు. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా గంటకోసారి చూసి, తడా పొడా రాయండి. ఎప్పుడు తాగాడు, ఎంత తాగాడు, ఎప్పుడు తిన్నాడు, మలం ఎప్పుడైంది కూడా. డైపర్లో తడి తెలియదు, అది పీల్చేస్తుంది. అందుకని లోపల మడిచిన నూలు గుడ్డ గానీ టిష్యూ పేపరు గానీ పెట్టండి. ఆ గుడ్డ వల్ల ఇంకో మేలు ఉంది, తడిసినట్టు పిల్లవాడికి కూడా తెలుస్తుంది. మూడు రోజుల కాగితం పక్కపక్కన పెట్టి చూస్తే ఒక లెక్క కనపడుతుంది. గంటన్నర నుంచి రెండు గంటలు పొడిగా ఉంటున్నాడంటే మూత్రాశయం నిలుపుతోందన్న మాట. రోజూ తడిసే వేళకి పది నిమిషాల ముందు తీసుకెళ్ళండి. మలానికైతే తిన్న ఇరవై, ముప్పై నిమిషాలకి. పొట్టలో అన్నం పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది, ఆ కదలికని వాడుకోవాలి. కూర్చోబెట్టేది ఐదు నిమిషాలు, మహా అయితే పది. అరగంట కూర్చోబెడితే తొడల కింద రక్తం ఆగి తిమ్మిరెక్కుతుంది, టాయిలెట్ అంటేనే పిల్లవాడికి విసుగు పుడుతుంది. చార్టులో గంట కూడా పొడిగా ఉండట్లేదనో, ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా కారుతోందనో తేలితే నేర్పడం ఆపి డాక్టరుకి ఆ కాగితం చూపించండి.

ఇక కూర్చునే చోటు. దీనికి ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే, మార్పు త్వరగా కనిపించేదీ ఇక్కడే.

ఏదైనా కొనే ముందు, చేయించే ముందు టేపు తీసుకుని పిల్లవాణ్ణి గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి కొలవండి. పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతో చూడండి. అందులోంచి రెండు మూడు సెంటీమీటర్లు తీసేస్తే సీటు లోతు. 30 సెం.మీ. వస్తే సీటు 27. లోతు ఎక్కువైతే సీటు అంచు మోకాలి వెనక నొక్కుతుంది, పిల్లవాడు ముందుకి జారి వీపు గూనిగా పెడతాడు. రెండో కొలత తుంటి వెడల్పు, దానికి రెండు మూడు సెంటీమీటర్లు కలపండి. మూడోది మోకాలి వెనక మడత నుంచి మడమ కింది దాకా. టాయిలెట్‌కి చెప్పులతో వెళ్తే చెప్పులతోనే కొలవండి. నాలుగోది, మోచెయ్యి మడిస్తే సీటు నుంచి మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో. చేతులు ఆనించే కడ్డీ ఆ ఎత్తుకి రావాలి.

మూడో కొలతతో పీట ఎత్తు తేలుతుంది. మీ కమోడ్ సీటు నేల నుంచి 42 సెం.మీ. ఉందనుకోండి, పిల్లవాడి మోకాలి నుంచి మడమ దాకా 27. తేడా 15. పీట 15 ఉంటే పాదం ఆనుతుంది. ఇంకో రెండు మూడు కలిపి 17, 18 చేస్తే మోకాళ్ళు తుంటి కంటే కొంచెం పైకి వస్తాయి, మలానికి అదే మంచి భంగిమ. గొంతుక్కూర్చున్నప్పుడు పేగు చివర ఉన్న వంపు చక్కబడుతుంది. ఇండియన్ టాయిలెట్‌లో మనకి సులువుగా అయ్యేది అందుకే. పాదాలు రెండూ పూర్తిగా ఆనాలి, తుంటి వెడల్పున ఎడంగా ఉండాలి, ఒళ్ళు కొంచెం ముందుకి వంగి మోచేతులు తొడల మీద ఆనాలి. పీట పైభాగం కంటే అడుగు వెడల్పుగా చేయించండి, లేకపోతే అంచు మీద కాలు పెట్టగానే బోర్లా పడుతుంది. అడుగున రబ్బరు బుష్‌లు. కమోడ్ గుండ్రని మొదలుకి దగ్గరగా జరిగేలా పీట మధ్యలో అర్ధచంద్రంలా కోయిస్తే ఇంకా మంచిది. అంత చిన్న కోత లేకపోతే పీట ముందుకి పోయి, కాళ్ళు అందక మళ్ళీ వేలాడతాయి.

కమోడ్ సీటు రంధ్రం చిన్న పిల్లలకి మరీ పెద్దది. పిరుదులు అందులోకి దిగిపోతాయి, రెండు చేతులతో అంచులు పట్టుకుని వేలాడతారు. దాని మీద పెట్టే చిన్న సీటు ప్లాస్టిక్‌ది ఫ్యాన్సీ షాపుల్లోనూ దొరుకుతుంది. కొనేటప్పుడు తిరగేసి చూడండి. కిందివైపు నాలుగు పక్కలా గట్టి పట్టు ఉండాలి, మీ సీటు మీద పెట్టి పక్కకి తోస్తే జారకూడదు. మెత్తటి స్పాంజి సీటు చూడ్డానికి బాగుంటుంది గానీ కుట్టులోంచి నీళ్ళు, మూత్రం దిగి వాసన పట్టేస్తుంది, మనం నీళ్ళు వాడే పద్ధతికి అది నిలవదు. వడ్రంగితో చేయిస్తే 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, రంధ్రం అడ్డం 13 నుంచి 15 సెం.మీ., నిలువు 18 నుంచి 20. అంచులు ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్దించి, కోసిన అంచులకి కూడా ఎనామిల్ పెయింటు రెండు కోట్లు వేయించండి. కోసిన అంచుకి పెయింటు వేయకపోతే నీళ్ళు అక్కడి నుంచే ఎక్కి ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోతుంది.

ఇంట్లో ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉండి, పిల్లవాడు గొంతుక్కూర్చోలేకపోతే? మెడికల్ షాపుల్లో స్టీలు కమోడ్ స్టూల్ అమ్ముతారు, గుంట మీద పెట్టేది. అది పెద్దవాళ్ళ కొలత. కాళ్ళు తగ్గించే బటన్లు ఉన్నది తీసుకోండి, దాని మీద మీ కొలతకి చేయించిన ప్లైవుడ్ సీటు బిగించండి. గుంటకీ సీటుకీ మధ్య ఎత్తు ఎక్కువైతే కిందపడి చిందుతుంది, సీటు కిందకి జరిపే బకెట్ ఉన్న రకం అయితే ఆ బాధ ఉండదు. స్టూల్ నాలుగు కాళ్ళూ గుంట చుట్టూ ఉన్న చదునైన నేల మీద ఉండాలి. మన బాత్రూముల నేల గుంట వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఊగుతుంది. ఆ కాలికి మందమైన బుష్ వేయండి, కింద మడిచిన అట్ట పెట్టొద్దు, తడిసి నలిగిపోతుంది. మామూలు ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోసి వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. రంధ్రం కోశాక ఆ కుర్చీ బలం పోతుంది, కాళ్ళు బయటికి విచ్చుకుంటాయి, ఒక రోజు పగులుతుంది. తప్పనిసరైతే మందపాటి చేతుల కుర్చీ తీసుకోండి, రంధ్రం చిన్నగా, సీటు మధ్యలోనే కోయండి, వారానికోసారి రంధ్రం మూలల్లో సన్నటి పగుళ్ళు వచ్చాయేమో వేలితో తడిమి చూడండి.

ఒళ్ళు నిలవని పిల్లలకి, ముఖ్యంగా సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకి, వెనక్కి వాల్చిన కుర్చీ కొనకండి. వెనక్కి వాలితే చాలామందికి ఒళ్ళంతా కర్రలా బిగుసుకుని, తుంటి ముందుకి తోసుకొచ్చి, జారిపోతారు. అప్పుడు బెల్టు బిగిస్తాం. బిగించిన కొద్దీ ఇంకా తోస్తారు. వాళ్ళకి కావలసింది ముందు పట్టుకోవడానికి ఒక అడ్డ కడ్డీ, మోచేతి ఎత్తులో. దాని మీద ముందుకి వాలితే తుంటి వంగుతుంది, బిగువు వదులుతుంది. మోకాళ్ళు కత్తెరలా దగ్గరికి వచ్చే పిల్లలకి మధ్యలో మెత్తటి దిమ్మ పెట్టాలి. ఆ దిమ్మ మోకాళ్ళని ఎడంగా ఉంచడానికి మాత్రమే. పిల్లవాడు జారి దాని మీద వచ్చి ఆగుతున్నాడంటే కొలత తప్పిందన్న మాట, జననాంగాలకి గాయం అవుతుంది. బెల్టు కావాలంటే ముందు నడుము బెల్టు. అది పొట్ట మీద కాదు, తొడలు మొదలయ్యే చోట, వెనక్కి కిందికి 45 డిగ్రీల వాలులో ఉండాలి. నడుము బెల్టు లేకుండా ఛాతీ బెల్టు ఒక్కటే ఎప్పుడూ వేయొద్దు. కిందికి జారితే అది గొంతుకి వస్తుంది. బెల్టు వేసిన పిల్లవాణ్ణి ఒంటరిగా వదిలి ఫోను కోసం కూడా వెళ్ళకండి.

గోడకి బిగించే కడ్డీ గురించి రెండు ముక్కలు. తువ్వాలు ఆరేసే రాడ్డు కడ్డీ కాదు, గాలి పట్టుతో అంటుకునే సక్షన్ కప్పుల కడ్డీ అసలే నమ్మొద్దు. చిన్న చేతికి 25 నుంచి 30 మి.మీ. లావు సరిపోతుంది. గోడకీ కడ్డీకీ మధ్య 40 మి.మీ. సందు ఉండాలి, అంతకంటే ఎక్కువైతే చెయ్యి మొత్తం దూరి ఇరుక్కుంటుంది. ఎత్తు పిల్లవాడు కూర్చున్నాక చెయ్యి చాపి గోడ మీద గుర్తు పెట్టి చూడండి. టైల్స్ వెనక బోలుగా ఉంటే తట్టితే తెలుస్తుంది, అక్కడ మేకు నిలవదు. ఇటుకలోకి వెళ్ళే యాంకర్ బోల్టులు వాడాలి. బిగించాక మీరు రెండు చేతులతో గట్టిగా లాగి, బరువు వేసి చూడండి. మీ బరువు ఆపని కడ్డీ పడబోయే పిల్లవాణ్ణి ఆపదు. తలుపు కూడా వీలైతే బయటికి తెరుచుకోవాలి, లేకపోతే పిల్లవాడు లోపల తలుపుకి అడ్డంగా పడితే తీయలేం. గడియ బయటి నుంచి కూడా తీసేలా ఉండాలి.

కడుక్కోవడం మన దగ్గర చాలా పెద్ద పని, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒక చేత్తో మగ్గు, ఇంకో చేత్తో కడగాలి, ఒళ్ళు ఒక పక్కకి తిప్పాలి, పడిపోకుండా ఉండాలి. ఒక వైపు చచ్చుబడిన పిల్లవాడికి ఇది కొండ. హెల్త్ ఫాసెట్ బాగా పనిచేసే చెయ్యి వైపు పెట్టించండి, ధార మరీ జోరుగా లేకుండా వాల్వు తగ్గించండి. జోరు ధార తగిలితే ఉలిక్కిపడి మళ్ళీ టాయిలెట్‌కి రాని పిల్లలున్నారు. మగ్గు అయితే లీటరుది కాదు, పావు లీటరు పట్టేది, పిడి పెద్దగా ఉన్నది. ఏ చెయ్యి పనిచేస్తే ఆ చేత్తోనే కడుక్కోనివ్వండి. ఎడమ చెయ్యే వాడాలని పట్టుపట్టొద్దు, సబ్బుతో చేతులు కడగడం మాత్రం వదలొద్దు. ఆడపిల్లలకి ముందు నుంచి వెనక్కి కడగడం మొదటి రోజు నుంచే, లేకపోతే మూత్రంలో ఇన్ఫెక్షను తిరగబెడుతూ ఉంటుంది. బట్టలు ఎలాస్టిక్ నడుముతో, ఒక సైజు వదులుగా. జిప్పు, హుక్కు, బిగుతు లెగ్గింగు ఉన్న రోజు పిల్లవాడు వేళకి చేరినా తడుస్తాడు.

ఇప్పుడు నేర్పడం. పని మొత్తం ఒకేసారి నేర్పకండి. చివరి మెట్టు ముందు నేర్పండి. అంటే నిక్కరు పైకి లాగడంలో తొడల దాకా మీరు లాగి, చివరి నాలుగు వేళ్ళ దూరం పిల్లవాడికి వదిలేయండి. అది వచ్చాక మోకాళ్ళ నుంచి వదిలేయండి. పని పూర్తి చేశానన్న తృప్తి ప్రతిసారీ పిల్లవాడికే దక్కుతుంది. కూర్చున్నందుకే మెచ్చుకోండి, మలమో మూత్రమో వచ్చినప్పుడు మాత్రమే కాదు. రావడం పిల్లవాడి చేతిలో లేదు, కూర్చోవడం ఉంది. మగపిల్లల్ని కూడా మూత్రానికి మొదట్లో కూర్చోబెట్టండి.

ఆటిజం ఉన్న పిల్లలకి బొమ్మల వరస గోడ మీద వాళ్ళ కళ్ళెత్తులో అంటించండి, మీ ఇంటి బాత్రూమ్ ఫోటోలే అయితే ఇంకా మంచిది. వరస ఎప్పుడూ మారకూడదు. ఇంట్లో "ఒకటికి, రెండుకి" అంటే బడిలో కూడా అదే అనాలి, ఒకచోట బాత్రూమ్, ఇంకోచోట టాయిలెట్, మరోచోట సుస్సు అంటే ఆ పిల్లవాడికి అవి మూడు వేరే పనులు. ఫ్లష్ చప్పుడుకి చెవులు మూసుకునే పిల్లవాణ్ణి ముందు బయటికి పంపి తర్వాత ఫ్లష్ చేయండి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపి చూడండి. చల్లటి సీటు, ఫినాయిల్ వాసన, ట్యూబ్‌లైటు మినుకు, వీటిలో ఏది ఆపుతోందో ఒక్కొక్కటిగా తీసేసి చూస్తే తెలుస్తుంది. డైపర్లోనే మలం పోసే పిల్లవాడికి డైపరు ఒక్కసారిగా తీసేయకండి, పోయకుండా రోజుల తరబడి ఆపుకుంటాడు. ముందు డైపరుతోనే బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి అక్కడ నిలబడి పోయనివ్వండి, తర్వాత డైపరుతోనే సీటు మీద, ఆ తర్వాత డైపరుకి కింద రంధ్రం కోసి, చివరికి తీసేయండి. ఒక్కో మెట్టుకి వారాలు పట్టొచ్చు.

వెన్నులో గడ్డతో పుట్టిన పిల్లల సంగతి పూర్తిగా వేరు. వాళ్ళ మూత్రాశయానికి నరాల కబురు అందదు, కూర్చోబెట్టి నేర్పితే రాదు. సన్నటి గొట్టంతో మూడు నాలుగు గంటలకోసారి మూత్రం తీయాలి, డాక్టరు నేర్పించి, గొట్టం సైజు రాసిచ్చాకే. తీయకపోతే మూత్రం వెనక్కి ఎగదన్ని కిడ్నీలు పాడవుతాయి, నొప్పి లేకుండానే పాడవుతాయి. ఈ పిల్లల్లో రబ్బరు అంటే అలర్జీ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ, అందుకే గ్లవ్స్, గొట్టం లేటెక్స్ లేనివే వాడాలి. బడిలో బెలూన్లు కూడా వద్దు.

ఇక బడి సంగతికి వస్తే, వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న ప్రతి బడీ వైకల్యం ఉన్న పిల్లలు వాడుకోగలిగేలా ఉండాలి. చాలా బళ్ళలో ర్యాంపు ఉంది, కమోడ్ ఉంది, కడ్డీ ఉంది. కానీ కమోడ్ పెద్దవాళ్ళ ఎత్తు, కాళ్ళ కింద ఏమీ లేదు, గదిలో విరిగిన బెంచీలు, తాళం హెడ్‌మాస్టర్ దగ్గర. తాళం సంగతి మీటింగులో అడగండి, అడిగేది మీ హక్కు. ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ కాగితం రాసి ఆయా చేతిలో పెట్టండి: ఏ మాట చెప్తాడు, ఏ వేళకి తీసుకెళ్ళాలి, ఎంత మంది ఎత్తాలి, ఏ చేత్తో పట్టుకుంటాడు, ఎలా కడగాలి, జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఉంటే ఎవరికి ఫోను చేయాలి. పెద్ద పిల్లల్ని నేల మీద పడుకోబెట్టి మార్చకండి. మీ నడుముకీ మంచిది కాదు, పది మంది కళ్ళ ముందు వాడి మర్యాదకీ మంచిది కాదు. మోకాలి పైకొచ్చే బెంచీ, పక్కన తెర, ఇంతే కావాలి. ప్రతిసారీ "ఇప్పుడు కడుగుతున్నాను" అని చెప్పి చేయండి. అలా చెప్పి చేసే చేతుల మధ్య పెరిగిన పిల్ల, చెప్పకుండా ముట్టుకునే చేతిని గుర్తుపడుతుంది.

సామానుకి సహాయం కావాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) సిద్ధం చేసుకోండి. సహాయ పరికరాలకి కేంద్రం ఇచ్చే ఎడిప్ పథకం కింద అలిమ్కో, అంటే ఆ పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, క్యాంపులు పెడుతుంది. మామూలుగా మూడేళ్ళకోసారి గానీ మళ్ళీ ఇవ్వరు, కానీ 12 ఏళ్ళ లోపు పిల్లలకి ఏడాదికే మళ్ళీ అడగొచ్చు. పిల్లలు పెరుగుతారు కదా. సీపీ కుర్చీ కొలత తీసుకునేటప్పుడే "కమోడ్ రంధ్రం ఉన్నది కావాలి" అని చెప్పండి, తర్వాత చెప్తే కుదరదు. కొలతలు, నేర్పే పద్ధతి కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్‌కి (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థ) కూడా వెళ్ళొచ్చు.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: అమ్మాయికి తొమ్మిదేళ్ళు. పగలు బాగానే చెప్తుంది. రాత్రి మాత్రం తడిపేస్తుంది. రాత్రి రెండు మూడుసార్లు లేపుతున్నామండీ.

జవాబు: లేపడం ఆపేయండమ్మా. నిద్రలో నడిపించి పోయిస్తే మంచం పొడిగా ఉంటుంది గానీ పాప నేర్చుకోదు, మీకూ నిద్ర ఉండదు. రాత్రి పొడిగా ఉండడం పగటి అలవాటుతో రాదు, అది ఒంట్లో తయారయ్యే హార్మోనుతో, మూత్రాశయం పెరగడంతో వస్తుంది. మలబద్ధకం ఉందేమో ముందు చూడండి. పగలు నీళ్ళు బాగా ఇచ్చి, పడుకునే గంట ముందు ఆపండి. పడుకునే ముందు ఒకసారి వెళ్ళాలి. పరుపు మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద దుప్పటి, మళ్ళీ షీటు, మళ్ళీ దుప్పటి వేసుకోండి. అర్ధరాత్రి పై జత లాగేస్తే చాలు. ఆరు నెలలు పొడిగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి తడపడం మొదలుపెట్టినా, దాహం బాగా పెరిగినా వెంటనే డాక్టరు దగ్గరికి, షుగరు పరీక్ష చేయించాలి.

ప్రశ్న: ఒక బాబు మలం చేత్తో తీసి గోడకి పూస్తాడు. క్లాసులో అందరూ అసహ్యించుకుంటున్నారు టీచర్ గారూ.

జవాబు: ముందు నులిపురుగులు, మలబద్ధకం చూపించండి. గట్టిగా అడ్డం పడితే వేలు పెట్టి తీసుకుంటారు, దురద పెట్టినా అంతే. ఏ వేళకి చేస్తున్నాడో రాయండి, ఎక్కువగా ఒంటరిగా, పని లేకుండా ఉన్న సమయం అవుతుంది. మెత్తగా, జిగటగా ఉండేది చేతికి కావాలి వాడికి. చపాతీ పిండో, తడి మట్టో రోజుకి రెండుసార్లు ఇచ్చి చూడండి. చేసినప్పుడు అరవకండి, మాట్లాడకుండా, చల్లటి నీళ్ళతో కాకుండా మామూలు నీళ్ళతో కడిగి బట్టలు మార్చండి. మీ అరుపు కూడా వాడికి ఆటే. కొన్నాళ్ళు వెనక వైపు బటన్లు ఉన్న ఒకే ముక్క బట్టలు వేస్తే చెయ్యి వెళ్ళదు, ఈలోపు వేళకి కూర్చోబెట్టడం సాగాలి.

ప్రశ్న: పాప పాతిక కిలోలు ఉంటుంది. చక్రాల కుర్చీ నుంచి ఎత్తి కూర్చోబెడితే నా నడుము పట్టేస్తోంది.

జవాబు: పాప కాళ్ళ మీద కొంచెమైనా బరువు మోస్తుందా? మోస్తే ఎత్తొద్దు, తిప్పాలి. చక్రాల కుర్చీని కమోడ్‌కి కొంచెం ఏటవాలుగా, బలమైన కాలు కమోడ్ వైపు ఉండేలా పెట్టండి. రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు పైకి మడవండి. పాపని కుర్చీ అంచుకి జరపండి, పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి. మీ మోకాళ్ళతో పాప మోకాళ్ళకి ముందు నుంచి అడ్డం పెట్టండి. చంకల కింద పట్టి లాగకండి, భుజం జారుతుంది. నడుము దగ్గర పట్టుకుని, పాపని ముందుకి వంగమనండి, ముక్కు కాలి వేళ్ళ మీదికి రావాలి. అప్పుడే పిరుదులు తేలికగా లేస్తాయి. లేచాక కడ్డీ పట్టించి, నిలబడి ఉండగానే ఇంకొకరు నిక్కరు దించాలి, తర్వాత చిన్న చిన్న అడుగులతో తిప్పి నెమ్మదిగా కూర్చోబెట్టాలి. బరువు అసలు మోయకపోతే మీరొక్కరే చేయకండి, ఇద్దరు కావాలని ఆ పేజీ కాగితంలో రాయించుకోండి. బెంచీ మీద పడుకోబెట్టి ముందే నిక్కరు తీసేసి, ఒకరు వెనక నుంచి ఛాతీ కింద, ఒకరు మోకాళ్ళ కింద పట్టుకుని ఒకే మాట మీద లేపాలి. ఆ రెండో మనిషి ఎవరో బడి తెరిచిన మొదటి వారంలోనే హెడ్‌మాస్టర్ గారి చేత పేరు రాయించండి.